ఒక పుస్తకం, పన్నెండు వారాలు, అరవై మాటలు



పోయిన చలికాలం ఒక శనివారం పొద్దున రాజమండ్రి నుంచి మా అమ్మ ఫోనులో మావాడితో మాట్లాడుతోంది. వాడికి తొమ్మిదేళ్లు. "ఏం తిన్నావు నాన్నా?" అంటే "దోశ" అన్నాడు. "నిన్న బడికి వెళ్లావా?" అంటే "లేదు, స్నో డే" అన్నాడు. అంతవరకు బాగానే సాగింది. ఆ తర్వాత ఆవిడ, "మేం వచ్చేశాక నీకు బెంగగా లేదూ?" అని అడిగింది. మా అమ్మా నాన్నా ఆరు నెలలు మాతో ఉండి, అంతకు ముందు నెలే తిరిగి వెళ్లారు. మావాడు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, బెంగ అంటే ఏమిటని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. నేను చెప్పేలోపే మా అమ్మ, "పోనీలే, మీ చెల్లిని పిలు" అని మాట మార్చేసింది.

వాడికి బెంగ లేదని కాదు. అమ్మమ్మ వెళ్లిన రోజు రాత్రి ఆవిడ పడుకున్న గదిలోనే, ఆవిడ కప్పుకున్న దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. వాడిలో బెంగ ఉంది, ఆ మాట ఒక్కటే లేదు.

మన నోవైలో చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి అనుకుంటాను. పిల్లలకు తెలుగు అర్థమవుతుంది. చిన్న చిన్న జవాబులు చెబుతారు. కొందరు అక్షరాలు కూడా నేర్చుకున్నారు. కానీ ఒక మెట్టు పైకి వెళ్లి, మనసులో ఉన్నది చెప్పాలంటే ఇంగ్లీషులోకి దూకేస్తారు. ఆ మెట్టు ఎక్కించటానికి మా ఇంట్లో చేసిన ప్రయత్నం గురించి, దాని వెనక ఉన్న ఆలోచన గురించి ఈ వ్యాసం. క్లుప్తంగా చెప్పాలంటే: మాటల జాబితా ఇవ్వకండి. ఒక మంచి కథల పుస్తకం తీసుకుని, చలికాలమంతా పైకి చదివి వినిపించండి. వారానికి ఐదు మాటలు మాత్రం గట్టిగా పట్టుకోండి.

ఇంట్లో తెలుగు మాట్లాడితే చాలదా?

ఇంట్లో మాట్లాడటమే పునాది. అది లేకపోతే పుస్తకమూ పనిచేయదు. కానీ మనం ఇంట్లో ఎలాంటి తెలుగు మాట్లాడుతున్నామో ఒకసారి గమనించండి. "చేతులు వాష్ చేసుకో", "బట్టలు వాష్ చెయ్యాలి", "గిన్నెలు వాష్ చేశావా?" అంటాం. తెలుగులో చేతులు కడుక్కుంటాం, బట్టలు ఉతుకుతాం, గిన్నెలు తోముతాం. మూడు పనులకు మూడు మాటలు ఉన్నాయి. "వాష్ చెయ్యి" అనే ఒక్క మాట ఆ మూడింటినీ మింగేసింది. "కట్ చెయ్యి" కూడా అంతే. కూరలు తరుగుతాం, జుట్టు కత్తిరిస్తాం, చెట్టు నరుకుతాం, పంట కోస్తాం. "బ్రేక్ అయింది" అంటే కర్ర విరిగిందో, కుండ పగిలిందో, తాడు తెగిందో పిల్లలకు తెలియదు. మనం వాళ్లకు వినిపించలేదు కాబట్టి తెలియదు.

ఇంట్లో మాటలు ఇంటి పనుల చుట్టూనే తిరుగుతాయి. తిను, పడుకో, తొందరగా రా, తలుపు వెయ్యి. ఎంత ప్రేమగా మాట్లాడినా ఆ నాలుగైదు వందల మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి. ఇది ఒక్క తెలుగుకే ఉన్న సంగతి కాదు. డొనాల్డ్ హేస్, మార్గరెట్ ఆరెన్స్ అనే పరిశోధకులు 1988లో ఇంగ్లీషు మాటలను లెక్కవేసి చూశారు. కాలేజీ చదువులు చదివిన పెద్దవాళ్లు స్నేహితులతో మాట్లాడుకునేటప్పుడు వెయ్యి మాటలకు దాదాపు 17 అరుదైన మాటలు వస్తుంటే, పిల్లల పుస్తకాల్లో వెయ్యికి దాదాపు 31 వచ్చాయి. అరుదైనవి అంటే ఆ భాషలో బాగా వాడుకలో ఉన్న మొదటి పదివేల మాటల్లో లేనివి. చదువుకున్న పెద్దల కబుర్లకంటే పిల్లల కథల పుస్తకంలోనే కొత్త మాటలు ఎక్కువన్నమాట. ఆ లెక్క ఇంగ్లీషుది. కానీ మన వంటింటి తెలుగును, ఒక తెలుగు కథను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

మాటల్లో మూడు అంతస్తులు

అయితే పుస్తకంలో కనబడిన ప్రతి మాటనూ నేర్పాలా? అక్కర్లేదు. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్, లిండా కుకన్ అనే ముగ్గురు రాసిన పుస్తకం 2002లో వచ్చింది. అమెరికా బడుల్లో టీచర్లకు అది బాగా తెలిసిన పుస్తకం. వాళ్లు మాటలను మూడు అంతస్తులుగా విడగొట్టారు. దాన్ని మన తెలుగుకు ఇలా అన్వయించుకోవచ్చు.

కింది అంతస్తులో రోజువారీ మాటలుంటాయి: అన్నం, నీళ్లు, చెప్పులు, కుక్క, పరిగెత్తు. ఇవి ఎవరూ నేర్పకుండానే వస్తాయి.

పై అంతస్తులో ఏదో ఒక విషయానికి, ఒక చోటుకు చెందిన మాటలుంటాయి: సంధి, సమాసం, గురుత్వాకర్షణ. మన పిల్లలకు ఈ అంతస్తులో కొన్ని మాటలు గుళ్లోనే వచ్చేశాయి. అభిషేకం, నైవేద్యం, శఠగోపం అంటే మావాడికి బాగా తెలుసు. వాడికి శఠగోపం తెలుసు కానీ బెంగ తెలియదు!

మధ్య అంతస్తులో ఉన్నవే మనం పోగొట్టుకుంటున్న మాటలు. బెంగ, మొహమాటం, పంతం, అలక, బుజ్జగించు, సణుగు, ఆరా తీయు, సర్దుకుపోవు, నిక్షేపంగా, తీరిగ్గా. ఇవి ఏ ఒక్క విషయానికీ చెందవు. ఏ కథలోనైనా వస్తాయి, ఏ ఇంట్లోనైనా పనికొస్తాయి. మనుషుల మనసులను, వాళ్ల తీరును చెప్పేవి ఇవే. ఫోనులో అమ్మమ్మతో, తాతయ్యతో మాట్లాడటానికి కావలసినవీ ఇవే. అందుకని వారానికి ఎంచుకునే ఐదు మాటలూ ఈ అంతస్తువే అయ్యుండాలి.

షార్లెట్ చేసిన పని

కథల పుస్తకంతో మాటలు నేర్పటం మన పిల్లలకు కొత్తేమీ కాదు. ఇక్కడి బడుల్లో మూడో తరగతిలోనో, నాలుగో తరగతిలోనో చాలామంది "షార్లెట్స్ వెబ్" చదువుతారు. ఇ. బి. వైట్ రాసిన ఆ నవల 1952లో వచ్చింది. అందులో విల్బర్ అనే పందిపిల్లకు ప్రాణగండం ఉంటుంది. షార్లెట్ అనే సాలెపురుగు తన గూటిలో మాటలు అల్లి దాన్ని కాపాడుతుంది.

మాటలు నేర్పటం అనే కోణంలో చూస్తే ఆ నవల భలే విచిత్రంగా ఉంటుంది. షార్లెట్ మొదటిసారి పలకరించినప్పుడు విల్బర్‌కు అర్థం కాని పెద్ద మాట వాడుతుంది. విల్బర్ కంగారు పడితే, అది పలకరింపేనని విడమరిచి చెబుతుంది. తర్వాత గూటిలో ఏ మాట రాయాలా అని పశువులన్నీ సమావేశం పెట్టుకుంటాయి. టెంపుల్టన్ అనే ఎలుక చెత్తకుప్ప నుంచి కాగితం ముక్కలు ఏరుకొస్తుంది. దానిలో కొన్ని మాటలు పందికి నప్పవని షార్లెట్ తీసి పారేస్తుంది. "రేడియంట్" అనే మాట సబ్బుపొడి డబ్బా మీదిది. అది నప్పుతుందో లేదో చూడటానికి విల్బర్‌ను గెంతమని, పల్టీ కొట్టమని అడుగుతుంది. చివరికి ఎంచుకున్న "హంబుల్" అనే మాటకు గర్వం లేనిదనీ, నేలకు దగ్గరగా ఉండేదనీ రెండు అర్థాలు ఉన్నాయని, రెండూ విల్బర్‌కు సరిపోతాయని చెబుతుంది.

ఆ మాట ఒక పిల్లకు జీవితాంతం గుర్తుంటుంది. అట్ట మీద రాసి గోడకు అంటించినందుకు కాదు, ఒక ప్రాణం దాని మీద ఆధారపడినందుకు. కథలో మాటకు పని ఉంటుంది. జాబితాలో మాట ఊరికే నిలబడి ఉంటుంది.

మనకు ఏ పుస్తకం?

తెలుగులో ఈ పనికి మేము ఎంచుకున్నది "బుడుగు". ముళ్లపూడి వెంకటరమణ గారు రాశారు, బాపు గారు బొమ్మలు వేశారు. 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చింది. షార్లెట్‌కు, బుడుగుకు దాదాపు ఒకే వయసన్నమాట. మనలో చాలామంది అల్మరాల్లో ఒక ప్రతి ఉండే ఉంటుంది. సూట్‌కేసులో పచ్చళ్ల మధ్య పెట్టుకుని తెచ్చుకున్న పుస్తకాల్లో అదొకటి.

బుడుగు తన కథను తనే చెబుతాడు. అమ్మ రాధ, నాన్న గోపాళం, బామ్మ, బాబాయి, పక్కింటి పిన్నిగారు, స్నేహితురాలు సీగానపెసూనాంబ. వాడి లోకమంతా ఇంట్లోనూ వీధిలోనూ ఉంటుంది. ఇక్కడి పిల్లలకు అందరూ "ఆంటీ", "అంకుల్" అయిపోయారు. ఆ పుస్తకంలో ప్రతి మనిషికీ ఒక వరస ఉంటుంది. బాబాయికి, మామయ్యకు తేడా ఏమిటని మా అమ్మాయి మొదటిసారి అడిగింది బుడుగు వింటున్నప్పుడే. ఆ రాత్రి అన్నాల దగ్గర మా రెండు వైపుల చుట్టాలనూ కాగితం మీద గీశాం.

ఒక జాగ్రత్త చెప్పాలి. బుడుగు మాటలు చిన్నపిల్లవాడు పలికినట్టే రాసి ఉంటాయి. మొగుడు అనే మాట వాడి నోట్లో "ముగుడు" అవుతుంది. కళ్లతో చదివితే, అక్షరాలు ఇప్పుడిప్పుడే నేర్చుకున్న పిల్లలు తికమక పడతారు. కాబట్టి ఈ పుస్తకాన్ని చూసి రాత నేర్పకండి, కాపీ రాయించకండి. చెవితో వింటే మాత్రం వెంటనే అర్థమవుతుంది, నవ్వూ వస్తుంది.

ఇంకో సంగతి. అది ఆనాటి కాలం. పక్కింటివాళ్ల లావును చూసి నవ్వటం, పిల్లల్ని కొట్టటం లాంటివి అందులో మామూలు విషయాలు. అవి వచ్చినప్పుడు పేజీ తిప్పేయకుండా, ఇప్పుడైతే ఇలా అంటామా అని పిల్లల్నే అడగండి. మాకు ఆ కబుర్లే అన్నిటికంటే పొడుగ్గా సాగాయి.

మీ పిల్లలకు సాహసాలు, మాంత్రికులు ఇష్టమైతే చందమామ వైపు వెళ్లండి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన "తోకచుక్క", "రాకాసిలోయ", "పాతాళదుర్గం" లాంటి సీరియల్స్ ఉన్నాయి. అందులో తెలుగు సాఫీగా, తప్పుల్లేకుండా ఉంటుంది. చదవటం వచ్చిన పదేళ్ల పిల్లలకు అది బాగా పనికొస్తుంది. ఏ పుస్తకమైనా సరే, ముందు మీకు నచ్చాలి. మీరు విసుగ్గా చదివే పుస్తకం పిల్లలు ఇష్టంగా వినరు.

చెవి ముందు, కన్ను తర్వాత

మన పిల్లల విషయంలో ఒక తప్పు లెక్క ఉంది. ముందు అక్షరాలు, తర్వాత గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు, ఇవన్నీ వచ్చాకే పుస్తకం అనుకుంటాం. అక్షరాలు రావటానికి ఒకటి రెండేళ్లు పడుతుంది. ఈలోపు పిల్లలకు "అల, వల, తల" తప్ప చదవటానికి ఏమీ ఉండదు. తొమ్మిదేళ్ల పిల్లవాడు ఇంగ్లీషులో లావుపాటి నవలలు చదువుతూ, తెలుగులో "తల" దగ్గర ఆగిపోతే వాడికి తెలుగంటే పసిపిల్లల భాష అనిపిస్తుంది.

మాటలు నేర్చుకోవటానికి అక్షరాలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మన పిల్లల చెవి వాళ్ల కంటి కంటే చాలా ముందుంది. మనబడిలోనో, ఇంట్లోనో అక్షరాలు ఒక పక్క సాగనివ్వండి. పుస్తకాన్ని మాత్రం మీరు చదివి వినిపించండి. ఊళ్లో ఉన్న తాతయ్యో, అమ్మమ్మో చదివితే ఇంకా మంచిది. శీతాకాలంలో ఇక్కడ పొద్దున 9 గంటలైతే అక్కడ సాయంత్రం 7:30. వీడియో కాల్‌లో "ఏం తిన్నావు?" తర్వాత ఏం మాట్లాడాలో తోచక ఇద్దరూ ఇబ్బంది పడే బదులు, ఆవిడ రెండు పేజీలు చదువుతారు, వీడు వింటాడు.

వారం ఎలా గడుస్తుంది

ఆదివారం గుడి నుంచి వచ్చాక పదిహేను నిమిషాలు చదువుతాం. మూడు నాలుగు పేజీలు. చదువుతున్నప్పుడు మధ్యలో ఆపి పాఠం చెప్పం. మరీ అవసరమైతే ఒక్క ముక్కలో అర్థం చెప్పి ముందుకు సాగుతాం. కథ ఆగిపోతే పిల్లలు లేచిపోతారు.

చదవటం అయ్యాక ఐదు మాటలు ఎంచుకుంటాం. కొన్ని పేజీలో ఉన్నవి, కొన్ని ఆ కథ గురించి మాట్లాడుకుంటుంటే వచ్చినవి. ఎంచుకోవటానికి మూడు ప్రశ్నలు. ఈ మాట మళ్లీ ఎక్కడైనా తగులుతుందా? ఈ వారం ఇంట్లో వాడే సందర్భం వస్తుందా? పిల్లలకు ఇప్పటికే తెలిసిన మాటలతో దీన్ని చెప్పగలనా? మూడింటికీ అవుననిపిస్తేనే తీసుకుంటాం.

అర్థం చెప్పేటప్పుడు ఇంగ్లీషు మాటతో సరిపెట్టకూడదు. అలా చేస్తే పిల్లలు ఇంగ్లీషు మాటనే గుర్తుపెట్టుకుంటారు. వాళ్లకు తెలిసిన సంఘటనతో, చిన్న తెలుగు మాటలతో చెప్పాలి. మా ఇంట్లో చెప్పుకున్నవి కొన్ని:

మొహమాటం: గుళ్లో ప్రసాదం పెడుతూ "ఇంకాస్త పులిహోర వెయ్యనా?" అంటే, కావాలని ఉన్నా "వద్దండీ" అంటామే, అది.

పంతం: చెల్లి ముందు సారీ చెబితేనే నేను మాట్లాడతానని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నావే, అది.

సణుగు: స్నో బూట్లు వేసుకోమంటే వేసుకుంటూనే, వినబడీ వినబడకుండా నోట్లో ఏదో అంటుంటావే, అది.

బుజ్జగించు: ఏడుస్తున్న చెల్లిని తిట్టకుండా, మంచి మాటలు చెప్పి ఊరుకోబెట్టటం.

ఆరా తీయు: కొత్తగా వచ్చినవాళ్లను ఏ ఊరు, ఎక్కడ పని, ఇల్లు కొన్నారా అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకోవటం. దీనికి ఉదాహరణ కావాలంటే భోజనాల హాల్లో అమ్మ పక్కన నిలబడితే చాలని మావారు అన్నారు.

తర్వాత పిల్లల వంతు. ప్రతి మాటకూ వాళ్ల సొంత ఉదాహరణ ఒకటి చెప్పాలి. ఇదే అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. అర్థం అప్పచెప్పటం సులువు. తన జీవితంలో ఆ మాటకు చోటు వెతకటం కష్టం. వెతికితే మాత్రం ఇక పోదు.

సోమవారం నుంచి గురువారం దాకా ఐదు మాటలూ ఫ్రిజ్ మీద ఉంటాయి. ఎవరు వాడినా, పెద్దవాళ్లైనా సరే, పక్కన ఒక గీత గీస్తారు. శుక్రవారం అవే పేజీలు మళ్లీ చదువుతాం. ఈసారి ఆ మాటలు వచ్చినప్పుడు మమ్మల్ని ఆపేది పిల్లలే. శనివారం ఫోను. కొత్త వారం ఐదు కొత్త మాటలతో పాటు పాతవి ఒక మూడు మళ్లీ ఫ్రిజ్ ఎక్కుతాయి.

ఇన్నిసార్లు ఎందుకంటే, ఒక్కసారి కథలో తగిలినంత మాత్రాన మాట నిలవదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం నాగీ, ప్యాట్రీషియా హెర్మన్, రిచర్డ్ ఆండర్సన్ 1985లో ఇదే పరీక్షించి చూశారు. చదువుతూ ఒకసారి ఎదురైన మాట వల్ల కలిగే లాభం నిజమైనదే కానీ చాలా చిన్నదని తేల్చారు. ఇంగ్లీషులో పిల్లలు వేల పేజీలు చదువుతారు కాబట్టి ఆ చిన్న చిన్న లాభాలు కుప్పపడతాయి. తెలుగులో మన పిల్లలు చదివేది నూరు పేజీలైతే గొప్ప. కాబట్టి అదే మాటను మనమే పనిగట్టుకుని పదిసార్లు ఎదురుపెట్టాలి.

ఒక మాట, దాని చుట్టాలు

వారానికి ఐదు మాటలే అంటే తక్కువ అనిపించవచ్చు. కానీ తెలుగులో ఒక మాట ఒంటరిగా రాదు, చుట్టాలను వెంటబెట్టుకుని వస్తుంది. బెంగ వస్తే బెంగపడటం, బెంగపెట్టుకోవటం వస్తాయి. నవ్వు నుంచి నవ్వించు, తిను నుంచి తినిపించు, ఏడుపు నుంచి ఏడిపించు. ఈ కిటుకు తెలిసినప్పుడు మా అమ్మాయి రోజంతా ప్రతి క్రియకూ "ఇంచు" తగిలించింది. నడుచు, నడిపించు. చదువు, చదివించు. "పడుకో" దగ్గర మాత్రం ఆగిపోయింది. అక్కడ "పడుకోబెట్టు" అనాలని, "కూర్చో" కూడా అలాగే "కూర్చోబెట్టు" అవుతుందని చెప్పాం.

బుడుగు స్నేహితురాలి పేరే ఒక పెద్ద పాఠం. సీగానపెసూనాంబ అసలు పేరు ఏమై ఉంటుందో కనుక్కోమని పిల్లలకు పొడుపుకథలా వదిలిపెట్టండి. శ్రీ కాస్తా సీ అయింది, జ్ఞాన గాన అయింది, ప్రసూనాంబ పెసూనాంబ అయింది. శ్రీ జ్ఞాన ప్రసూనాంబ! శ్రీకాళహస్తిలో అమ్మవారి పేరు అదే. ప్రసూనం అంటే పువ్వు. మనబడిలో ఒక తరగతికి ప్రసూనం అనే పేరుంది. ఇన్నాళ్లూ ఆ పేరు పలుకుతున్న పిల్లలకు దాని అర్థం బుడుగు చెప్పాడు.

అక్కడితో ఆగక్కర్లేదు. ఒత్తులున్న సంస్కృతం మాటలను తేలిక చేసుకోవటం ఒక్క బుడుగు పనే కాదు, తెలుగు భాష మొత్తం చేసిన పని. శ్రీ సిరి అయింది. రాత్రి రాతిరి అయింది. ప్రయాణం పయనమైంది. యాత్ర జాతర అయింది. జాతర అంటే యాత్రే అని తెలిసిన రోజు పిల్లల కళ్లు చూడాలి. ఒక్క పేరుతో నాలుగు జతల మాటలు వచ్చేశాయి.

మేం చేసిన పొరపాట్లు

మొదటి వారం ఉత్సాహం కొద్దీ ఇరవై మాటలు రంగు రంగుల అట్టల మీద రాశాను. నాలుగు రోజుల తర్వాత అవన్నీ సోఫా వెనకాల దొరికాయి. ఐదుకు తగ్గించాక అట్టలు మాయమవటం ఆగింది.

రెండోది, తప్పులు దిద్దటం. మావాడు "బెంగ" అనటానికి మొదట "బెంగు" అన్నాడు. వెంటనే సరిచేశాను. వాక్యం మధ్యలో ఆగిపోయి, మిగతాది ఇంగ్లీషులో పూర్తి చేశాడు. అప్పట్నుంచి నేను దిద్దటం మానేసి, నా జవాబులో అదే మాటను సరిగ్గా వాడుతున్నాను. "అవునా, ఎందుకంత బెంగ?" అంటే చాలు. తర్వాతిసారి వాడే సర్దుకుంటాడు.

మూడోది, పరీక్ష పెట్టటం. చుట్టాల ముందు "ఆ మాటకు అర్థం చెప్పు" అని నిలబెట్టటం. ఆ పని ఒక్కసారే చేశాను. వాడి మొహం చూశాక మళ్లీ చేయలేదు.

పన్నెండు వారాల తర్వాత

పన్నెండు వారాలకు అరవై మాటలు. వాటితో ఎవరికీ తెలుగు ధారాళంగా వచ్చెయ్యదు. మా పిల్లలు ఇప్పటికీ ఇద్దరూ ఆడుకునేటప్పుడు ఇంగ్లీషే మాట్లాడుకుంటారు. అరవైలో ఒక ఇరవై మాటలు మరిచిపోయారు కూడా. కానీ మిగిలిన నలభై వాళ్లవైపోయాయి. అన్నిటికంటే ముఖ్యంగా, తెలియని తెలుగు మాట వినబడితే దాన్ని దాటేసి పోకుండా, "అంటే ఏంటి?" అని తెలుగులో అడగటం అలవాటైంది.

మొన్న శనివారం ఫోనులో మా అమ్మ, "వచ్చేవాళ్లు ఉన్నారు, నీకేమైనా పంపించనా నాన్నా?" అని అడిగింది. మావాడు, "అమ్మమ్మా, నాకు మొహమాటం లేదు. సున్నుండలు పంపించు. అమ్మకు మొహమాటం, అందుకే అడగదు" అన్నాడు. మా అమ్మ చాలాసేపు నవ్వింది. తర్వాత వాడే, "ఎండాకాలం సెలవులకు మేం వస్తాం, బెంగపెట్టుకోకు" అన్నాడు. ఈసారి ఆవిడ మాట మార్చలేదు. మరి కాసేపు వాడితోనే మాట్లాడింది.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. అల్మరాలో ఉన్న పుస్తకం తీయండి. లేకపోతే ఊరినుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకోండి, లేదా ఆదివారం భోజనాల దగ్గర పక్కవాళ్లను అడగండి. ఒకరి దగ్గర బుడుగు ఉంటే మరొకరి దగ్గర చందమామలు ఉంటాయి, మార్చుకోవచ్చు. టెన్ మైల్ రోడ్డు మీది మన నోవై లైబ్రరీలోనూ అడిగి చూడండి. అక్కడ దొరకని పుస్తకాలను మెల్‌క్యాట్ ద్వారా మిషిగన్‌లోని ఇతర లైబ్రరీల్లో వెతికి తెప్పించుకునే వీలుంది. ఫ్రిజ్ మీద ఐదు మాటలకు చోటు చేసుకోండి. మొదటి మాట ఏది పెట్టాలో తోచకపోతే, ఈ శనివారం ఫోనులో అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి. వాళ్లు ఒకటి చెబుతారు.